ఒక్క డిగ్రీ వాలుకే పైపులో అలలు స్లగ్గులుగా మారతాయా?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. చెన్నైలో మీ ఎం.టెక్ ప్రాజెక్టు కోసం 50 మి.మీ. లోపలి వ్యాసం, 6 మీటర్ల పొడవు ఉన్న యాక్రిలిక్ పైపులో గాలినీ నీటినీ కలిపి పంపిస్తున్నారు. నీరు నిమిషానికి 12 లీటర్లు, గాలి సుమారు 240 లీటర్లు. పైపు మట్టంగా ఉన్నప్పుడు నీటి మీద సన్నటి ముడతలు తప్ప ఏమీ లేవు. ప్రవాహం వెళ్ళే వైపు ఒక డిగ్రీ పైకి ఎత్తగానే నీళ్ళు పైపు నిండా ముద్దలు ముద్దలుగా (వీటినే స్లగ్గులు అంటాం) కొట్టుకుంటూ వస్తున్నాయి. ఒక డిగ్రీ కిందికి దించితే ఆ ముద్దలు పోయాయి గానీ, గాలి పూర్తిగా ఆపేసినా అలలు మాత్రం ఆగడం లేదు. మీరు వాడుతున్న సమీకరణంలో వాలు కాస్ (cos) రూపంలోనే ఉంది, ఒక డిగ్రీకి దాని విలువ 0.9998. మరి ఇంత తేడా ఎలా వచ్చింది, రిగ్గులో, అంటే ప్రయోగ పరికరంలో, ఏదైనా తప్పుందా అని మీ గైడ్ అడుగుతున్నారు, మీకేమో రివ్యూ దగ్గరపడి టెన్షన్.

రిగ్గులో తప్పు లేదు. మీరు చూసిన మూడూ నిజమే, మూడింటికీ కారణం ఒక్కటే. వాలు ఇక్కడ పనిచేసేది కాస్ ద్వారా కాదు, సైన్ ద్వారా. వాలు అలను నేరుగా తాకదు. ముందు పైపులో నీటి మట్టాన్ని మారుస్తుంది. అల అణగాలా, పెరిగి పైపు కప్పును తాకాలా అన్నది ఆ మట్టాన్ని బట్టి ఉంటుంది.

నేను చెన్నైలో ఇరవై రెండేళ్ళుగా ప్రాసెస్ పైపింగ్ డిజైన్ చేస్తున్నాను. అందులో సగం కాలం గాలి, ఆవిరి, ద్రవం కలిసి వెళ్ళే లైన్లతోనే గడిచింది. మీకు వచ్చిన అనుమానమే మా ఆఫీసులో చేరే కొత్తవాళ్ళందరికీ వస్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. మట్టంగా ఉన్న పైపులో సగం వరకు నీళ్ళున్నాయనుకోండి. అప్పుడు నీటి అసలు వేగం సెకనుకు 0.2 మీటర్లు, గాలిది 4 మీటర్లు. గోడ రాపిడి నీటిని వెనక్కి పట్టే బలం మీటరు పొడవుకు దాదాపు 12 పాస్కళ్ళు వస్తుంది. గాలి నీటిని ముందుకు తోసే బలం, అంటే పైన రాసుకుంటూ లాగేదీ ప్రెషర్ తేడా వల్ల నెట్టేదీ కలిపితే, 13 పాస్కళ్ళ దాకా వస్తుంది. రెండూ దాదాపు సమానం. కాబట్టే మట్టంగా ఉన్నప్పుడు మీ పైపులో నీరు సగం దగ్గర కుదురుకుంటుంది.

ఇప్పుడు ఒక డిగ్రీ ఎత్తండి. నీటి బరువులో పైపు వెంబడి పడే భాగం 1000 × 9.81 × 0.01745. మీటరుకు 171 పాస్కళ్ళు! పన్నెండూ పదమూడూ తూగుతున్న తక్కెడలో 171 వచ్చి పడింది. డిగ్రీలో పదో వంతు వాలుకే 17 పాస్కళ్ళు, అదొక్కటే గోడ రాపిడిని మించిపోతుంది. నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు మనవాళ్ళు. మన కంటికి మట్టంగా కనిపించే పైపులో కూడా పల్లం ఎటుందో నీటికి తెలుసు.

గాలి సంగతి వేరు. దాని సాంద్రత 1.2 మాత్రమే కాబట్టి ఒక డిగ్రీ వాలు దానికి మీటరుకు సుమారు 0.2 పాస్కల్ మాత్రమే. ఒకే పైపులో పక్కపక్కనే వెళ్తున్న ఇద్దరిలో ఒకరికి కొండ ఎక్కినంత కష్టం, రెండోవారికి ఏమీ తెలియదు. గొడవంతా అక్కడ మొదలవుతుంది.

ఇక అల విషయానికి వద్దాం. గాలి నీటి మీద జారుతున్నప్పుడు చిన్న ముడత లేచిందనుకోండి. దాని శిఖరం మీద గాలికి దారి ఇరుకవుతుంది, వేగం పెరుగుతుంది, అక్కడ ప్రెషర్ పడిపోతుంది. ఆ లోటు శిఖరాన్ని ఇంకా పైకి పీలుస్తుంది. నీటి బరువేమో కిందికి లాగుతుంది. పీల్చే బలం గెలిస్తే అల పెరుగుతుంది, బరువు గెలిస్తే అణుగుతుంది. 1868లో హెల్మ్‌హోల్ట్జ్, 1871లో కెల్విన్ చెప్పినది ఇదే. మీ సమీకరణం కూడా అక్కడి నుంచి వచ్చినదే. 1976లో టైటెల్, డక్లర్ అనే పరిశోధకులు దాన్ని పైపుకు అన్వయించారు.

ఒక చిక్కుంది. లోతైన నీటి మీద కెల్విన్ లెక్క ప్రకారం సెకనుకు సుమారు ఆరున్నర మీటర్ల గాలి వస్తే గానీ అల లేవకూడదు. కానీ అంతకన్నా చాలా తక్కువ గాలికే పులికాట్ సరస్సు మీద ముడతలు కనిపిస్తాయి. అంటే ఇంకో దారి ఉండాలి. జెఫ్రీస్ అనే శాస్త్రవేత్త 1925లో ఆ దారి చూపించాడు. శిఖరం దాటాక గాలి నీటిని అంటిపెట్టుకోకుండా విడిపోతుంది. అల వీపు మీద ప్రెషర్ ఎక్కువ, ముందు వైపు నీడలో తక్కువ. ఆ తేడా అలకు కొద్దికొద్దిగా శక్తిని అందిస్తూ ఉంటుంది. చిన్న ముడతలు మొదలవడం జెఫ్రీస్ దారి, ముడత పెరిగి పైపును మూసేయడం కెల్విన్-హెల్మ్‌హోల్ట్జ్ దారి. టైటెల్-డక్లర్ పద్ధతిలో ఈ రెంటికీ వేరువేరు హద్దు గీతలు ఉన్నాయి. థీసిస్‌లో రెండూ కలిపేయకండి. మీ అంకెలకు మొదటి గీత సెకనుకు సుమారు 4 మీటర్ల గాలి దగ్గర పడుతుంది. మీ గాలి వేగం కూడా అంతే. మట్టంగా ఉన్నప్పుడు సన్నటి ముడతలు మాత్రమే కనిపించడానికి కారణం అది. ఈ ఒక్క విషయం చూసినా మీ రిగ్గు సరిగ్గానే ఉందని నాకు నమ్మకం కలిగింది.

రెండో గీత, అంటే స్లగ్ పుట్టే హద్దు, సగం నిండిన పైపులో సెకనుకు 6.3 మీటర్ల గాలి దగ్గర ఉంది. మీ 4 మీటర్లు దానికి లోపలే. కాబట్టి స్లగ్గులు లేవు.

పైకి ఎత్తినప్పుడు ఏమవుతుందో చూడండి. పంపు నిమిషానికి 12 లీటర్లు లోపలికి తోస్తూనే ఉంది, ఆ నీరు ఎలాగైనా పైకి పోవాలి. 171 పాస్కళ్ళను ఎదిరించి దాన్ని ఎక్కించాల్సింది గాలే. 4 మీటర్ల వేగంతో గాలికి ఆ శక్తి లేదు. అందుకని నీరు పేరుకుంటుంది, మట్టం పెరుగుతుంది, గాలి దారి ఇరుకవుతుంది, వేగం పెరుగుతుంది. తూకం కుదరాలంటే నీరు ముప్పాతిక వంతు దాటి, 77 శాతం ఎత్తు దాకా రావాలి. అప్పుడు పైన మిగిలిన సందులో గాలి వేగం సెకనుకు దాదాపు 12 మీటర్లు. ఆ మట్టంలో స్లగ్ హద్దు ఎంతో తెలుసా? 2 మీటర్లు కూడా లేదు. సందు సన్నదైనకొద్దీ చిన్న అల కూడా దానిలో పెద్ద వాటా ఆక్రమిస్తుంది, పీల్పు అంతకంతకూ పెరుగుతుంది. అంటే ఆ మట్టం దాకా నీరు ప్రశాంతంగా చేరే అవకాశమే లేదు. దారిలోనే ఏదో ఒక అల కప్పును తాకి పైపును మూసేస్తుంది. వెనక గాలి బిగుసుకుని ఆ ముద్దను బయటికి నెడుతుంది. ముద్ద తోక నుంచి రాలిన నీళ్ళు వెనక్కి, పల్లానికి జారి, కింద పేరుకుంటాయి. వచ్చే అల వాటిని ఎత్తుకుంటుంది. మీరు వీడియోలో చూపించిన వెనక్కి జారే నీరు అదే, అది లీకేజీ కాదు.

కిందికి దించినప్పుడు అదే 171 నీటికి సాయం. నీరు పరుగెడుతుంది, పల్చబడుతుంది. మట్టం పాతిక వంతు దగ్గరికి, అంటే పన్నెండు మి.మీ. లోతుకు పడిపోతుంది, నీటి వేగం సెకనుకు 0.6 మీటర్ల దగ్గరికి వస్తుంది. పైన గాలికి బోలెడు చోటు, వేగం రెండున్నర మీటర్లే. స్లగ్ హద్దు 13 మీటర్లు దాటిపోయింది. ఇక స్లగ్గులు ఎలా వస్తాయి?

మరి గాలి ఆపినా ఆగని అలలు? ఇవి గాలి లేపిన అలలు కావు. నవంబరు వానల్లో గిండీ దగ్గర కత్తిపారా ఫ్లైఓవర్ ర్యాంపు మీద పల్చగా జారే నీళ్ళను చూడండి. గాలి లేకపోయినా వరసలు వరసలుగా మడతలు దిగుతుంటాయి. నేను నెల్లూరు జిల్లాలో పుట్టాను, మా ఊరి చెరువు అలుగు పారినప్పుడు రాతి కట్టుబడి మీద ఇవే వరసలు చూస్తూ గంటలు గంటలు నిలబడేవాణ్ణి. వీటిని రోల్ వేవ్స్ అంటారు. నీటి వేగం, ఆ లోతులో అల ప్రయాణించగల వేగాన్ని బాగా మించితే పుట్టేవి ఇవి. కొలత ఫ్రూడ్ సంఖ్య: నీటి వేగాన్ని గురుత్వ త్వరణం, లోతుల లబ్ధపు వర్గమూలంతో భాగించాలి. కిందికి వాలిన పైపులకు బార్నియా అనే పరిశోధకురాలు వాడిన హద్దు 1.5. మీకు సుమారు 1.7 వస్తోంది. కొంచెమే దాటింది కాబట్టి వాలును అర డిగ్రీకి తగ్గిస్తే ఈ అలలు మాయమవ్వాలి. ఈ ప్రయోగం తప్పకుండా చేసి చూడండి, సగం రోజు పని. గాలి లేపిన అలకూ వాలు లేపిన అలకూ తేడా మీ సొంత రిగ్గులోనే తేలితే మీ గైడ్‌కు వేరే సమాధానం అక్కర్లేదు.

ఇంతవరకు సిద్ధాంతం. ఇప్పుడు నాకు నిజంగా ఆందోళనగా ఉన్న విషయం చెప్తాను. మీరు వాలును ఫోన్ యాప్‌తో కొలిచానని రాశారు. దయచేసి ఆ రీడింగులు థీసిస్‌లో పెట్టకండి. పదో వంతు డిగ్రీకే లెక్క తారుమారవుతున్నప్పుడు యాప్ సరిపోదు. 6 మీటర్ల పైపుకు ఒక డిగ్రీ అంటే రెండు కొసల మధ్య 105 మి.మీ. ఎత్తు తేడా, పదో వంతు డిగ్రీ అంటే పదిన్నర మి.మీ. ఇళ్ళు కట్టే మేస్త్రీలు వాడే పారదర్శక గొట్టం ఉంటుంది కదా, నీళ్ళు నింపి రెండు చివరలా మట్టం చూసేది, దానితో ఒక మి.మీ. తేడా కూడా పట్టుకోవచ్చు. గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకోండి. రెండు కొసల దగ్గరే కాదు, ప్రతి క్లాంపు దగ్గరా కొలవండి. క్లాంపుల మధ్యలో కూడా కొలవండి.

మధ్యలో ఎందుకంటే, ఈ పైపు నిండా నీళ్ళుంటే మీటరుకు రెండు కిలోల బరువు. సపోర్టుల దూరం ఎక్కువైతే యాక్రిలిక్ కుంగుతుంది. కుంగిన చోట సగం పైపు కిందికి, సగం పైకి వాలినట్టే. మీరు మట్టం అనుకున్న పైపులో రహస్యంగా ఒక లోయ ఉంటుంది, స్లగ్ అక్కడే పుడుతుంది. ఇంకొకటి, చెన్నై ఎండ. ఏసీ లేని షెడ్డులో పొద్దుటికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా మామూలే. ఆ పది డిగ్రీలకు 6 మీటర్ల యాక్రిలిక్ సుమారు 4 మి.మీ. పొడవు పెరుగుతుంది. రెండు కొసలూ బిగించేస్తే ఆ పెరుగుదల పైపును విల్లులా వంచుతుంది. ఒక కొస గట్టిగా పట్టి, మిగతా క్లాంపుల్లో పైపు ముందుకు వెనక్కి జరిగేలా వదలండి. పొద్దున తీసిన డేటా సాయంత్రం రాలేదని మీరు రాసినదానికి సగం కారణం ఇదే అయి ఉండొచ్చు.

మిగతా సగం బహుశా గాలి సరఫరాలో ఉంది. బ్లోయరుకూ పైపుకూ మధ్య పెద్ద ట్యాంకో పొడవాటి హోసో ఉంటే, స్లగ్ దారి మూసిన ప్రతిసారీ గాలి అక్కడ కూడి, ఒక్కసారి తోస్తుంది. అప్పుడు మీరు కొలిచేది పైపు స్వభావం కాదు, ట్యాంకు స్వభావం. గాలి లోపలికి వచ్చే చోటికి దగ్గరగా సన్నటి ఆరిఫిస్ (చిన్న రంధ్రమున్న బిళ్ళ) పెట్టి, దాని ముందు ప్రెషర్ బాగా ఎక్కువగా ఉంచండి. అలాగే నీరు T ఆకారపు అతుకు నుంచి అడ్డంగా పడితే అక్కడే పెద్ద కుదుపు పుడుతుంది, నీటిని అడుగు నుంచి మెల్లగా రానివ్వండి. కొలతలు కనీసం మూడు మీటర్లు దాటాకే తీసుకోండి. అల వేగం కావాలంటే రెండు జతల సన్నటి తీగలు కొద్ది దూరంలో నిలువుగా పెట్టి వాటి మధ్య నీటి కండక్టెన్స్ (విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతుందో) కొలవడం పాత పద్ధతి, ఇప్పటికీ దానికి మించినది లేదు. పైపును సబ్బుతో కడిగి ఉంటే పూర్తిగా పోయేదాకా మళ్ళీ కడగండి, కొద్దిపాటి సబ్బు కూడా చిన్న ముడతలను అణిచేస్తుంది.

ఇదంతా ల్యాబు గొడవ అనుకోకండి, బయట దీని విలువ చాలా ఎక్కువ. చాలా ఏళ్ళ కిందట ఊరి శివారు ఫ్యాక్టరీ ఒకదానికి 100 మి.మీ. ఆవిరి లైను రోడ్డు మీదుగా దాటించాలి. ఆవిరి వెళ్ళే దిశలో పైకి, వందకు ఒకటి వాలుతో గీశారు మావాళ్ళు. డ్రాయింగు చెక్ చేసి సంతకం పెట్టింది నేను. వందకు ఒకటంటే 0.57 డిగ్రీ, ఏమవుతుందిలే అనుకున్నాను. ప్రతి పొద్దునా లైను వేడి చేసేటప్పుడు సుత్తితో బాదినట్టు శబ్దాలు. ‘సార్, లైను తంతోంది’ అని ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. మూడో వారం ఒక ఫ్లాంజి గ్యాస్కెట్ (పైపుల అతుకు మధ్య పెట్టే బిళ్ళ) చీలి ఆవిరి బయటికి కొట్టింది. అప్పుడే అటుగా వెళ్ళిన ఆపరేటరు రెండడుగుల తేడాతో తప్పించుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జరిగింది ఇది. చల్లటి పైపులో ఆవిరి నీరవుతుంది. ఆ నీరు వెనక్కి, పల్లానికి జారుతుంది. ఆవిరి ఎదురు వస్తుంది. వాలు తక్కువ కాబట్టి నీరు నిదానంగా, మందంగా దిగుతుంది. ఎదురు ఆవిరి దాని మీద అలలు లేపుతుంది. ఒక అల కప్పును తాకగానే వెనక కొంత ఆవిరి చిక్కుకుంటుంది. చుట్టూ చల్లటి నీరు కాబట్టి అది క్షణంలో నీరైపోతుంది. వాతావరణ ప్రెషర్ దగ్గర ఆవిరి నీరైతే దాని పరిమాణం సుమారు 1600వ వంతుకు కుంచించుకుపోతుంది. ఆ ఖాళీలోకి నీటి ముద్దలు రెండు వైపుల నుంచీ దూసుకొచ్చి ఢీకొంటాయి. గ్యాస్కెట్‌ను చీల్చింది ఆ దెబ్బే.

రోడ్డుకు ఇవతలే పైపును నిలువుగా లేపి, దాని అడుగున డ్రిప్ లెగ్ (నీరు చేరే గొట్టం), ట్రాప్ (ఆవిరిని ఆపి నీటినే బయటికి వదిలే పరికరం) పెట్టించాం. అక్కడి నుంచి ఆవిరి వెళ్ళే దిశలోనే కిందికి వాలేలా మార్చాం. ఆ తర్వాత శబ్దం లేదు. ఆవిరి లైన్లకు పాటించే కొలత, ప్రవాహ దిశలో కిందికి వందకు ఒకటి. పైకి వెళ్ళక తప్పకపోతే నలభైకి ఒకటైనా ఉండాలి, ఆవిరి వేగం సెకనుకు 15 మీటర్లు దాటకుండా పైపు పెద్దది చెయ్యాలి. మీ రిగ్గులో వాలు పెంచితే కష్టం పెరిగింది కదా, ఇక్కడ పెంచమంటున్నారేమిటి అనిపించవచ్చు. మీ నీరు పంపు తోస్తుంది కాబట్టి ఎక్కి తీరాలి. ఇక్కడి నీటికి వెనక్కి దిగే స్వేచ్ఛ ఉంది. వాలు ఎక్కువైతే త్వరగా, పల్చగా దిగిపోతుంది.

రిఫైనరీల ఫ్లేర్ హెడర్లకు, అంటే అదనపు గ్యాస్‌ను కాల్చడానికి తీసుకెళ్ళే పెద్ద పైపులకు, ఇచ్చే వాలు ఇంకా తక్కువ, 10 మీటర్లకు 21 మి.మీ., అంటే 0.12 డిగ్రీ. ఒక్క సపోర్టు కుంగితే చాలు, ఆ వాలు తలకిందులై ద్రవం నిలుస్తుంది. ఒక్కసారిగా గ్యాస్ వదిలినప్పుడు నిలిచిన ద్రవం అలగా లేచి స్లగ్ అవుతుంది. 300 మి.మీ. పైపులో నీటంత బరువైన స్లగ్ సెకనుకు 15 మీటర్లతో వచ్చి ఎల్బోను (పైపు మలుపును) తాకితే దెబ్బ 22 కిలోన్యూటన్లు, రెండు టన్నులకు పైమాటే. సముద్రం అడుగు నుంచి ఒడ్డుకు వచ్చే గ్యాస్ లైన్లయితే పైకి ఎక్కక తప్పదు. టెర్మినల్ ముఖద్వారంలో స్లగ్ క్యాచర్లు, అంటే ఆ ముద్దలను పట్టి ఉంచే పెద్ద పాత్రలు, కట్టేది అందుకే.

మీ ఫలితాలను ఇలాంటి పెద్ద లైన్లకు నేరుగా అన్వయించకండి. ప్రెషర్ పెరిగితే గ్యాస్ సాంద్రత పెరుగుతుంది. సాంద్రత 50 రెట్లయితే స్లగ్ హద్దు వేగం దాదాపు ఏడో వంతుకు పడిపోతుంది. ద్రవం చిక్కటిదైతే మీ సమీకరణం చాలదు, 1986లో లిన్, హన్రట్టి చేసినట్టు ద్రవపు జడత్వం, రాపిడి రెండూ కలుపుకోవాలి. వాలు పది డిగ్రీలు దాటితే బార్నియా 1987 పద్ధతికి మారండి.

రివ్యూకు వెళ్ళే ముందు ఒక్క గ్రాఫ్ తయారు చేసుకోండి. కింద వాలు, మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటి డిగ్రీ దాకా, పావు డిగ్రీ చొప్పున. నిలువుగా కొలిచిన నీటి మట్టం. దాని మీద లెక్కగట్టిన మట్టం గీత. స్లగ్ మొదలైన చోట వేరే రంగు చుక్క. సున్నాకు అటూ ఇటూ పావు డిగ్రీలోనే మట్టం బాగా మారిపోవడం మీకే కనిపిస్తుంది. గొట్టం మట్టంతో తీసిన రీడింగులు ఇక్కడ పెడితే, క్లాంపుల దూరాలతో సహా, నేను కూర్చుని చూస్తాను.